కర్పూరం ఆర్పిన చేయి

శ్రీరామ
జూన్ 6, 2023. మంగళవారం

ఈ సాయంత్రం రామాయణ మండలిలో యుద్ధకాండ మొదలుపెట్టాను. ఎదురుగా పదకొండు మంది. అందులో నలుగురు యంగోనా కోసం, ఆ మత్తు వేరు నీళ్ళ కోసం వచ్చినవాళ్ళు. గిన్నె చుట్టూ చేరి, కొబ్బరి చిప్ప తమ వంతుకు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. సముద్రానికి వారధి కట్టినా వాళ్ళకు ఒకటే, కట్టకపోయినా ఒకటే.

హార్మోనియం వాయించే రామ్ ప్రసాద్ తన ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి నా కథను ఫేస్‌బుక్‌లో లైవ్ పెడతాడు. నాడీ ఎయిర్‌పోర్ట్‌లో టాక్సీ తోలే మనిషి. కథ అయ్యాక ఫోన్ చూసి పెదవి విరిచాడు.

"నలభై మూడు, పండిత్‌జీ. అందులో ముగ్గురు మా ఇంటివాళ్ళే. లౌతోకాలో రోటీ కాల్చే పిల్లకి తొమ్మిది వేల మంది."

"ఆ రోటీ తిని మోక్షం పొందమను."

"మోక్షం సంగతి తెలవదు గాని, రోటీ మాత్రం గుండ్రంగా వస్తది ఆ పిల్లకి."

నేను పండితుణ్ణి కాను. వాయినికోరోలో చెరకు కోసినవాణ్ణి. లీజు అయిపోయి భూమి పోతే ఇక్కడికొచ్చి కూతురింట్లో ఉంటున్నాను. ఓడెక్కి వచ్చిన అమ్మణి అవ్వ దగ్గర ఒక పెద్దబాలశిక్ష ఉండేది. ఆ అచ్చు చూసి ఒక్కణ్ణే దిద్దుకున్నాను. అందుకే నా రాత అచ్చులా ఉంటుంది. గొలుసుకట్టు నేర్పినవాళ్ళు లేరు. కూతురు కాంతకు తెలుగు మాటలు కొన్ని వచ్చు, అక్షరం రాదు. అల్లుడు ముకేష్‌ది హిందీ ఇల్లు. ఈ పుస్తకం వంటగది బల్ల మీద వదిలేసినా తాళం వేసినట్టే.

ఈ ఫోన్ బంగారు లేడి. దాని వెంట పోయినవాడి ఇల్లు ఏమవుతుందో గ్రంథం చెప్పింది. నలభై ఏళ్ళుగా నేనూ చెబుతున్నాను.

నలభై మూడు మంది.

శ్రీరామ
జూన్ 9. శుక్రవారం

ముకేష్ ఎయిర్‌పోర్ట్‌లో తెల్లవారుజాము డ్యూటీ నుంచి వచ్చి స్నానానికి వెళ్ళాడు. ఫోన్ బల్ల మీద ఉంది. వాన.

శ్రీరామ
జూన్ 13. మంగళవారం

ఈ రోజు నా నోట సరస్వతి పలికింది.

శుకసారణుల ఘట్టం. రావణుడి గూఢచారులు వానర సేనలో దూరి పట్టుబడ్డారు. చంపేద్దామన్నారు అందరూ. రాముడు ఏమన్నాడు? చూడండి, తలలు లెక్కపెట్టుకోండి, వెళ్ళి మీ రాజుకు చెప్పండి అన్నాడు. దాచేది లేనివాడికి గూఢచారి భయమేమిటి?

అక్కడ ఆపి ఫోన్ వైపు తిరిగాను. "మరి మన ఎయిర్‌పోర్ట్‌లో శుక్రవారం తెల్లవారకముందు పేరు లేని విమానం ఒకటి దిగింది. ఏ రిజిస్టర్‌లోనూ రాయలేదు. మిలిటరీ బండి వచ్చింది. పెట్టెలు దించారు. ఏమున్నాయి ఆ పెట్టెల్లో? ఎనభై ఏడులో తుపాకులతో ప్రభుత్వాన్ని కూల్చడం చూశాను. రెండు వేలలో మళ్ళీ చూశాను. అప్పుడు మనకు ఎవరూ ముందు చెప్పలేదు. ఇప్పుడు ఈ బాలయ్య చెబుతున్నాడు. చెవులున్నవాళ్ళు వినండి."

యంగోనా గిన్నె దగ్గర చిప్ప ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నా కథలో ఎన్నడూ లేదు.

ఈ మాట ఎలా తెలిసిందని రామ్ ప్రసాద్ అడిగాడు. చెవిన పడిందన్నాను. ఎయిర్‌పోర్ట్ పక్కనే బతుకుతున్నాం. మాటలు చెవిన పడతాయి.

ముకేష్ డ్యూటీలో ఉన్నాడు. వినలేదు.

శ్రీరామ
జూన్ 14. బుధవారం

అరవై ఒక్క వేలు.

పొద్దున్న నవువా నుంచి మరదలు కౌశల్య ఫోన్ చేసింది. "బావా, పిల్లలను బడికి పంపమంటావా?" వద్దన్నాను. వాయినికోరో నుంచి ముప్పై ఏళ్ళుగా పలకని మనిషి పలికాడు. టౌన్‌లో డీజిల్ కోసం బండ్ల వరుస రౌండెబౌట్ దాటిందట. పిండి బస్తాలు పదిన్నరకల్లా ఖాళీ. రెండు వందల మంది ఎయిర్‌పోర్ట్ గేటు ముందు నిలబడి పెట్టెలు చూపించమన్నారట.

బస్‌లో ఒక ఆడమనిషి లేచి సీటిచ్చింది. "మీరే కదా ఆ పండిత్‌జీ?"

గర్వం కాదు. విభీషణుడు సొంత ఇంటి మాట బయట చెప్పాడు. గ్రంథం ఆయన్ని తప్పు పట్టిందా? పట్టాభిషేకం చేసింది.

శ్రీరామ
జూన్ 15

రేడియోలో ప్రభుత్వం మాట: ఆయుధాలు రాలేదు, వదంతులు నమ్మవద్దు. నమ్మాలట.

మధ్యాహ్నం ముకేష్‌ను డ్యూటీలోనే పట్టుకుపోయారు. కాంత వాకిట్లో కూలబడింది. చెప్పులు చేతిలోనే ఉన్నాయి.

శ్రీరామ
జూన్ 17. శనివారం

ఇన్‌స్పెక్టర్ సకియాసి వచ్చాడు. పెద్ద మనిషి, మెల్లగా మాట్లాడతాడు. చాప మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నన్ను తలతలా అన్నాడు. వాళ్ళ చర్చి పెద్దను అలా పిలుస్తారు. హిందీ మనకన్నా బాగా వచ్చు.

"ఆ విమానం సంగతి ఎయిర్‌పోర్ట్‌లో ఇద్దరికే తెలుసు తలతలా. రెండోవాడు పెళ్ళాం పిల్లలు లేనివాడు, ఆ రోజు నుంచి సెలవులో సువాలో ఉన్నాడు. మీ అల్లుడు మీ ఇంట్లో ఉంటాడు. కౌన్ బతాయిస్? ఎవరు చెప్పారు?"

"భక్తులు వస్తారు, పోతారు. ఎవరో అన్నారు."

"ఎవరో?"

"పేరు గుర్తు లేదు. డెబ్బై ఏళ్ళు."

అబద్ధం ఏముంది అందులో? ముకేష్ నాకు చెప్పాడని నేను అనలేదు. చెప్పలేదు గనుక అనలేదు. కంటబడింది. ఫోన్ వెలిగింది, కంటబడింది. కన్ను దేవుడిచ్చింది.

సకియాసి వెళ్ళేటప్పుడు గ్రంథానికి దండం పెట్టాడు.

శ్రీరామ
జూన్ 18

విభీషణుడికి సముద్రం దాటాకనే పట్టాభిషేకం. నాకు ఇంకా సముద్రం ఈవలే.

శ్రీరామ
జూన్ 20. మంగళవారం

ఒంట్లో బాగాలేదని మండలి ఆపాను. రామ్ ప్రసాద్ టాక్సీలో వచ్చి హారన్ కొట్టాడు. "పండిత్‌జీ, నాలుగు వందల మంది అడుగుతున్నారు, ఈ వారం కథ లేదా అని. దేశంలో మీకన్నా పెద్ద న్యూస్ రీడర్ లేడు ఇప్పుడు."

జ్వరం అన్నాను. నుదురు పట్టి చూశాడు, దొంగ.

శ్రీరామ
జూన్ 24. శనివారం

ముకేష్‌ను వదిలారు. కేసు ఉంది. జూలై ఇరవైన కోర్టు. రహస్యం బయటపెట్టినట్టు తేలితే రెండేళ్ళు. ఉద్యోగం ఆపేశారు, ఫోన్ వాళ్ళ దగ్గరే ఉంది.

తొమ్మిది రోజుల్లో మెడ దగ్గర ఎముకలు తేలాయి. టీ ముందు పెట్టుకుని తాగలేదు.

"హమ్ కోయి కే నై బోలా," అన్నాడు. ఎవరికీ చెప్పలేదు అని. నాతో కాదు, కప్పుతో అన్నాడు. తర్వాత తలెత్తాడు. "మామా, మీకు ఎవరు చెప్పారో ఒక్క పేరు గుర్తు తెచ్చుకోండి. నా కోసం."

"ఎంతమంది వస్తారు నాయనా."

"మెసేజ్ నా ఫోన్‌లో ఉంది. ఫోన్‌కు తాళం నంబరు ఉంది. ఆ నంబరు ఇద్దరికే తెలుసు. నాకు, కాంతకు. తను ఎవరికో చెప్పింది, వాళ్ళు మీకు చెప్పారు. పోలీసులు కూడా అదే అంటున్నారు."

కాంత గిన్నె తోముతోంది. చేయి ఆగింది. "నేనా?"

"మరి ఫోన్ నడిచి వెళ్ళిందా?"

నా గురించి ఎవరూ అనుకోరు. నాకు ఫోన్ తెరవడం రాదని ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఫోన్లను ఏళ్ళ తరబడి తిట్టి తిట్టి ఆ నమ్మకాన్ని నేనే కట్టాను, రాయి మీద రాయి పెట్టి.

శ్రీరామ
జూన్ 27. మంగళవారం

రాయకుండా ఉండాలనుకున్నాను.

మూడు రోజులుగా వాళ్ళిద్దరి మధ్య మాట లేదు. ఈ పొద్దున్న కాంతే అంది, కర్పూరం ఆర్పుతానని. మన పెద్దవాళ్ళ ప్రమాణం అది. వెలుగుతున్న కర్పూరం మీద అరచేయి మూసి, నేను అబద్ధమైతే నా ఇంటి దీపం ఇలాగే ఆరిపోనీ అనాలి. దానికి మించిన కోర్టు మనవాళ్ళకు లేదు. నా జీవితంలో రెండుసార్లే చూశాను. రెండోసారి వాయినికోరోలో. ఆ మనిషి అబద్ధమాడాడు. ఏడాదిలో అతని ఇంట్లో ఇద్దరు పోయారు. ఆ కథ నేనే వందసార్లు చెప్పాను, మండలిలో.

ప్రమాణం చేయించడానికి పెద్దవాడు కావాలి. ఇంట్లో పెద్దవాణ్ణి నేనే.

ఇత్తడి పళ్ళెం తెచ్చాను. కర్పూరం పెట్టాను. అగ్గిపుల్ల రెండుసార్లు విరిగింది. ముకేష్ తలుపు దగ్గర నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. కాంత గ్రంథం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, చిన్నప్పుడు నా పక్కన కూర్చున్నట్టే.

"నానా, తెలుగులో ఏమనాలి? చెప్పు, అంటాను."

నేను చెప్పాను. ఒక్కో మాట. నా భర్త ఫోన్ నేను తెరవలేదు. అందులో మాట నేను ఎవరికీ చెప్పలేదు. నేను అబద్ధమైతే. నా ఇంటి దీపం. ఇలాగే.

చేయి మూసింది. తియ్యలేదు. నేనే మణికట్టు పట్టి లాగాను. అరచేతి మధ్య అంతా ఎర్రగా ఉంది.

ముకేష్ పళ్ళెం వైపు చూశాడు. "కర్పూరానికి ఫోన్ సంగతి ఏం తెలుసు," అని బయటికి పోయాడు.

నా కూతురు నిజం చెప్పింది. దేవుడికి తెలుసు. దేవుడికి తెలిసినదాన్ని నేను మళ్ళీ చెప్పాలా?

శ్రీరామ
జూన్ 29

కాంత నవువా వెళ్ళిపోయింది, పిన్ని ఇంటికి. బస్ ఎక్కేటప్పుడు చేతికి బట్ట కట్టుకుని ఉంది. "వేళకు తిను నానా," అంది.

శ్రీరామ
జూలై 1. శనివారం

సకియాసి మళ్ళీ వచ్చాడు. ఈసారి కాగితం ఉంది, ఇల్లు వెతకడానికి. పేర్లు ఎక్కడైనా రాసుకున్నానేమో చూడాలట. ఇద్దరు కానిస్టేబుళ్ళు బియ్యం డబ్బా కూడా తెరిచారు.

అతను మాత్రం బల్ల దగ్గర నిలబడి, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"పెట్టెలు లేవు తలతలా. ఆ విమానంలో వచ్చింది ఒక ఆడమనిషి, ఆమె కూతురు. మత్తుమందు తెచ్చే ముఠా మీద సాక్ష్యం చెప్పడానికి. వేరే దేశంలో రెండేళ్ళు దాచాం. వాళ్ళు వెతకని చోటు లేదు. ఎప్పుడు దిగుతుందో, ఎలా దిగుతుందో తెలియకే ఆగారు. మీ కథ విన్నారు. శుక్రవారం, మిలిటరీ బండి. వాళ్ళకు అది చాలు. పద్నాలుగున ఆమె తమ్ముడి ఇల్లు తగలబడింది. మనుషులు బయటపడ్డారు. ఆమె నోరు మూసుకుని వెళ్ళిపోయింది. సోమవారం కోర్టులో ముఠావాళ్ళు ఆరుగురు విడుదల. దండలు వేసి తీసుకెళ్ళారు."

తెరిచిన బియ్యం డబ్బాకు మూత పెట్టాను.

"దేశాన్ని కాపాడటం అంటే మాకూ తుపాకులే గుర్తొచ్చేవి, ఇదివరకు," అన్నాడు. "ఇప్పుడు ఒక మనిషి వచ్చిన వేళను కాపాడలేకపోతున్నాం."

అప్పుడు బల్ల మీద ఉన్న ఈ పుస్తకం తీశాడు. తెరిచాడు. తెలుగు అక్షరం రాకపోయినా పేజీలు తిప్పాడు. జూన్ 9 దగ్గర వేలు ఆగింది. జూన్ 17 దగ్గర ఆగింది, తన పేరు ఉన్న చోట.

"ఇదేమిటి?"

పేజీ పైన ఉన్న మాట చూపించాను. "శ్రీరామ. దేవుడి పేరు."

"ప్రతి పేజీకీనా?"

"ప్రతి పేజీకీ."

టోపీ తీశాడు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని, తల వంచి, నాకు తిరిగి ఇచ్చాడు. "క్షమించండి తలతలా. చేతులు కడుక్కోకుండా ముట్టుకున్నాను."

ముకేష్‌ను విడిపించే కాగితం ఈ దేశంలో ఒక్కటే ఉంది. పోలీసు చేతిలోకి వెళ్ళింది. దండం పెట్టించుకుని తిరిగొచ్చింది.

శ్రీరామ
జూలై 2

దాచేది లేనివాడికి భయమేమిటి అన్నాను. విరాటుడి కొలువులో పాండవులు ఏడాది దాక్కున్నారు. ద్రౌపది జడ అల్లే దాసిగా దాక్కుంది. వాళ్ళ జాడ శత్రువులకు వినబడేలా పీట ఎక్కి చాటినవాడు ఉంటే వాణ్ణి ఏమనేవాళ్ళం? గ్రంథంలో అలాంటివాడు లేడు. ఉంటే నేను ఆ పేరు పెట్టుకునేవాణ్ణి.

నేను విభీషణుణ్ణి కాను. మంథరను. మేడ మీదినుంచి చూసింది, చూసింది చాలక కల్పించింది, పరుగెత్తింది.

శ్రీరామ
జూలై 3. సోమవారం

చెవిన పడలేదు. కంటబడలేదు. ఫోన్ వెలగలేదు.

జూన్ 9న ముకేష్ స్నానానికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు వినబడుతోంది. ఫోన్ తీసుకున్నాను. ఆ ముందు మంగళవారం నలభై మూడు. వచ్చే మంగళవారానికి ఏదైనా కావాలి. ఎయిర్‌పోర్ట్ మనిషి ఫోన్‌లో ఏదో ఒకటి ఉంటుంది. నంబరు అడిగింది. నా కూతురు పుట్టిన తేదీ కొట్టాను. అల్లుడు ఇంకేం పెట్టుకుంటాడు, మంచివాడు. ఒక్కసారికే తెరుచుకుంది.

మెసేజ్ ఆరు వరసలు. తెల్లవారుజామున చార్టర్ విమానం. చివరి బే. రిజిస్టర్‌లో రాయవద్దు. మిలిటరీ బండి వస్తుంది. ఎవరితోనూ మాట్లాడవద్దు. చదివాక తీసేయండి.

తీసేయడం మరిచిపోయాడు. అతని తప్పు అంతే.

పెట్టెలు అని అందులో లేదు. పెట్టెలు నావి.

రేపు మంగళవారం. సకియాసి దగ్గరికి వెళ్తాను.

శ్రీరామ
జూలై 4

వెళ్ళలేదు. బస్ వచ్చింది. కిటికీలోంచి ఒకాయన దండం పెట్టాడు.

శ్రీరామ
జూలై 8

ముకేష్ వంట చేస్తున్నాడు. మొదట నాకు వడ్డించి, తర్వాత తను తింటాడు. కాంతకు ఫోన్ చెయ్యమన్నాను. "ఏం మాట్లాడాలి మామా? అబద్ధపు ప్రమాణం చేసిన మనిషితో," అన్నాడు.

కూర మాడింది. మొత్తం తిన్నాను.

జూలై 11. మంగళవారం

నేను స్నానానికి వెళ్ళాను. పుస్తకం బల్ల మీద ఉంది.

తుడుచుకుంటూ వచ్చేసరికి కాంత వంటగదిలో ఉంది. మిగిలిన బట్టలు తీసుకుపోవడానికి నవువా నుంచి మొదటి బస్‌కు వచ్చిందట. బల్ల మీదికి వంగి, ఈ పుస్తకం మీద ఫోన్ పట్టుకుని ఉంది. తెరలో నా అక్షరాలు కదులుతున్నాయి. కదిలి, ఇంగ్లీష్ అయిపోతున్నాయి.

"అచ్చులా రాస్తావు నానా," అంది. "చక్కగా చదువుతోంది. అక్కడక్కడా తప్పు చదువుతోంది. తప్పు ఏదో నాకు తెలుస్తోంది."

పేజీ తిప్పింది. జూలై 3. ఫోన్ పట్టుకున్న చేతిలో బొబ్బ మానిన మచ్చ ఉంది, నాణెం అంత, గులాబీ రంగులో.

"పోలీసాయన నా గురించి అడగడానికి పిన్నికి ఫోన్ చేసి, ఈ పుస్తకం సంగతి చెప్పాడు. మీ బావ గొప్ప భక్తుడమ్మా, పేజీ పేజీకీ దేవుడి పేరు రాస్తాడు అని. నాకు తెలుసు కదా, గ్రంథం నువ్వు రాయవు. చదువుతావు. మరి ఈ రాసేదేమిటో చూద్దామనుకున్నాను."

చివరిదాకా చదివింది. తర్వాత ఒక్క మాట అడిగింది. "కాహే?"

ఎందుకు అని. గ్రంథం వైపు చేయి చాపాను.

"వద్దు నానా. కథ వద్దు."

కథ లేకుండా నా దగ్గర ఏముంది? నలభై మూడు అన్నాను. నలభై మూడు మందే ఉన్నారమ్మా అన్నాను. ఆమెకు అర్థమైనట్టు లేదు. అర్థమయిందేమో. తల తిప్పుకుంది.

"ఆ మాటలు నాకు ఒక్కొక్కటీ నువ్వే చెప్పావు," అంది. "నేను చెయ్యి మూస్తే నువ్వు చూస్తూ కూర్చున్నావు."

"లాగాను కదమ్మా."

"అవును. లాగావు."

బియ్యం డబ్బా ఈడ్చింది. ఫోన్ ఆనించి లైవ్ పెట్టింది. పళ్ళెం, కర్పూరం తెచ్చి ముందు పెడుతుందని భయపడ్డాను. పెట్టలేదు. "కర్పూరానికి ఫోన్ సంగతి తెలవదు," అంది, ముకేష్ మాటే. "దీనికే చెప్పు. ఎవరికి అబద్ధం చెప్పావో వాళ్ళకే. సాయంత్రం దాకా ఆగొద్దు, యంగోనా గిన్నె వద్దు, హార్మోనియం వద్దు. ఇప్పుడే. హిందీలో, అందరికీ తెలిసేలా."

పెరట్లో ఉన్న ముకేష్‌ను పిలిచింది. అతను వచ్చి, జూన్ 27న నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

చెప్పాను. విమానం, మెసేజ్, నా కూతురు పుట్టిన తేదీ, లేని పెట్టెలు. ఆ ఆడమనిషి గురించి, ఆమె తమ్ముడి ఇల్లు గురించి చెప్పాను. ఒక్క శ్లోకం కూడా నోటికి రాలేదు. నాలుగు నిమిషాలు పట్టింది. నా జీవితంలో అంత చిన్న కథ చెప్పలేదు.

ముకేష్ నా వైపు రాలేదు. కాంత దగ్గరికి వెళ్ళి ఆమె చేయి తీసుకుని మచ్చ చూశాడు. ఆమె చేయి వెనక్కి లాక్కుంది. సంచి మాత్రం ఇంకా భుజానికి తగిలించుకోలేదు. గోడ పక్కనే ఉంది.

రామ్ ప్రసాద్ ఫోన్ చేశాడు. "పండిత్‌జీ, తీసెయ్యండి అది. ఎవరూ చూడలేదు ఇంకా. తీసేస్తే పోతుంది."

"ఎంతమంది?"

"పంతొమ్మిది. అందులో నేనొకణ్ణి."

తియ్యలేదు. ఇప్పుడు సాయంత్రం ఐదయింది. ఇరవై రెండు. అరవై ఒక్క వేల మందికి అన్నం కావాలి, డీజిల్ కావాలి, లేని పెట్టెలు కావాలి. నేను తప్పు చేశాను అనే మాట ఎవరికీ అక్కర్లేదు. ఆ ఆడమనిషి ఏ దేశంలో ఉందో, ఆమె చూసిందో లేదో నాకు తెలియదు. తెలియకూడదు కూడా.

కాంత ఫోన్‌లో చెబితే, రేపు పది గంటలకు స్టేషన్‌కు రమ్మన్నాడు సకియాసి. పుస్తకం తెమ్మన్నాడు. అతని ముందు కూర్చుని ప్రతి వరసా హిందీలో చదివి వినిపించాలి. మళ్ళీ టోపీ తీస్తాడేమో.

అందుకే ఈ పేజీ పైన శ్రీరామ రాయలేదు.